టెన్త్ పాసైన పాపానికి

మాది సోంపేట. పద్నాలుగేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. హాల్ టికెట్లు, రైలు టికెట్లు, కరెంటు బిల్లులు, ఇంకా పాస్‌పోర్ట్ అప్లికేషన్లు. ఈ చివరిదే నా షాపుకి అద్దె కట్టేది. మా ఉద్దానంలో ఇప్పుడు కొబ్బరి కంటే పాస్‌పోర్టే బాగా కాస్తోందని ఎవడో అంటే అందరం నవ్వాం. నవ్వాక ఎవరి మొహం వాళ్లం చూసుకున్నాం.

పాస్‌పోర్ట్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. మీరు నాన్-ఈసీఆర్‌కి అర్హులా, కాదా అని. కుర్రాడు టెన్త్ మెమో చేతిలో పెడతాడు, నేను 'అవును' నొక్కుతాను. రెండు సెకన్ల పని. ఇన్నేళ్లలో ఎన్ని వందలసార్లు నొక్కానో లెక్కలేదు. మా పిన్ని కొడుక్కి కూడా నేనే నొక్కాను. ఈ పోస్టు ఆ నొక్కుడు గురించే. పెద్దదైపోతుంది, ఓపికున్నవాళ్లు చదవండి.

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, టెన్త్ పాస్ కానివాళ్లు సౌదీ, కువైట్, ఖతార్, యూఏఈ లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వం క్లియరెన్స్ ఇవ్వాలి. వాళ్ల పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్ అని ఉంటుంది. కంపెనీ ఏది, జీతమెంత, పంపే ఏజెంట్‌కి లైసెన్సు ఉందా, ఇవన్నీ ప్రభుత్వం వాళ్ల ఈమైగ్రేట్ సైటులోకి ఎక్కాలి. పది లక్షల బీమా తప్పనిసరి. దానికి రెండేళ్లకి కట్టేది 275 రూపాయలు, పైన పన్ను. టెన్త్ పాసైనవాడికి ఇవేవీ అక్కర్లేదు. చదువుకున్నవాడు కదా, తన మంచిచెడ్డలు తనే చూసుకుంటాడని లెక్క. వాడి పాస్‌పోర్ట్‌లో ఏ ముద్రా ఉండదు. ఆ ఖాళీనే ఈసీఎన్ఆర్ (ఎమిగ్రేషన్ చెక్ నాట్ రిక్వయిర్డ్) అంటారు, ఫారంలో నాన్-ఈసీఆర్ అన్నా ఇదే. మా వాళ్లు దాన్ని గర్వంగా చెప్పుకుంటారు, 'మాది ఈసీఎన్ఆర్ అండీ' అని, ఫస్ట్ క్లాసులో పాసైనట్టు.

1983లో ఆ లెక్క సరిపోయిందేమో. ఇప్పుడు కవిటి, కంచిలి, మందస వైపు వచ్చి టెన్త్ తప్పిన కుర్రాణ్ణి ఒకణ్ణి చూపించండి చూద్దాం. దొరికినా చాలా తక్కువ. మిగతా అందరూ పదీ పాసే, ఐటీఐలో ఫిట్టరో వెల్డరో అదీ పాసే. రిఫైనరీల్లో షట్‌డౌన్ పనులకి, పైప్‌లైన్లకి, స్కాఫోల్డింగ్‌కి పోయేది వీళ్లే. ఏజెంట్ చేతిలో మోసపోయేదీ వీళ్లే. ఎవర్ని చూసి ఆ కాపలా పెట్టారో వాళ్లందరూ టెన్త్ గట్టెక్కి కాపలాకి అవతల పడ్డారు. కాపలా మాత్రం ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఆ పిన్ని కొడుకు, మా తమ్ముడి సంగతి చెప్తాను. చిన్నాన్నకి ఎకరంన్నర కొబ్బరితోట ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున్నే వెళ్లి చూస్తే చెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి, ఎవరో వరసగా పేర్చినట్టు. కొబ్బరి మొక్క వేసి కాయ కోయాలంటే ఆరేడేళ్లు చూడాలి. ఈలోపు చిన్నాన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానం వాళ్లకి అదేంటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. వారానికి రెండు డయాలసిస్‌లు. ఇంట్లో చేతికొచ్చిన కొడుకు ఒక్కడే, ఐటీఐ వెల్డర్.

2023 సెప్టెంబరులో వాడు దుబాయ్ వెళ్లాడు. ఏజెంట్ లక్షా నలభై వేలు తీసుకున్నాడు. లైసెన్సున్న ఏజెంట్ అయితే 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతా కలిపి 35,400 దాటి తీసుకోకూడదు. రూలు అది. ఈ మాట షాపులో ఎవరితో అన్నా జోకు విన్నట్టు నవ్వుతారు. వాడికొచ్చింది 60 రోజుల విజిట్ వీసా. ప్రింట్ తీసిందీ నేనే. చూశాను, అడిగాను కూడా. 'అక్కడికెళ్లాక కంపెనీ మార్చీస్తాదంట అన్నయ్యా, అందరూ ఇలాగే ఎల్తన్నారు' అన్నాడు. అందరూ అలాగే వెళ్తున్న మాట నిజమే. పది రూపాయలు తీసుకుని ప్రింట్ ఇచ్చాను. పిన్నికి చెప్దామని నోటిదాకా వచ్చింది. ఆవిడ అప్పటికే ఊళ్లో స్వీట్లు పంచేసింది.

కంపెనీ మార్చలేదు. అసలు కంపెనీయే లేదు. అరవై రోజులు గడిచాక రోజుకి 50 దిర్హమ్‌లు జరిమానా ఎక్కడం మొదలైంది. వాడు షార్జాలో ఏదో చిన్న వర్క్‌షాపులో రోజుకూలీకి వెల్డింగ్ చేసేవాడు, కాగితాల్లేవు కాబట్టి ఇచ్చినంతే. వీడియో కాల్ చేసినప్పుడల్లా వెనకాల ఒక నీలం కర్టెన్ కనబడేది. మంచానికి కట్టుకున్నది. పిన్ని అడిగేది, 'ఎప్పుడు సూసినా ఆ కర్టెనేటిరా, ఓపాలి బయటికెల్లి ఆ పెద్ద బిల్డింగులు సూపించు' అని. వాడు నవ్వి ఛార్జింగ్ లేదనేవాడు. పోలీసు కనబడితే చాలని బయటికి రావడమే మానేశాడని మాకు తర్వాత తెలిసింది. ఒకరోజు నేనే ఆవిడకి విషయం చెప్పాను, వాడిది పని వీసా కాదు పిన్నీ అని. 'వీసా అంటే వీసాయే గదా బావూ, అందులో మళ్లీ రకాలేటి?' అంది. నా దగ్గర జవాబు లేదు. కౌంటర్ మీద నొక్కిన రోజే చెప్పాల్సిన జవాబు అది.

2024 సెప్టెంబరు 1 నుంచి యూఏఈ క్షమాభిక్ష ప్రకటించింది. గడువు దాటి ఉండిపోయినవాళ్లు జరిమానా లేకుండా ఇంటికి వెళ్లొచ్చు, మళ్లీ రావడానికి నిషేధం కూడా ఉండదు. అప్పటికి వాడి నెత్తిమీద పది నెలల జరిమానా ఉంది. పదిహేను వేల దిర్హమ్‌లు, మన డబ్బుల్లో మూడు లక్షల నలభై వేల దాకా. అదంతా ఒక్క సంతకంతో మాఫీ. నేను అధికారిక ప్రకటన పంపితే వాడు నమ్మలేదు. రూములో ఎవరో చెప్పారట, వేలిముద్ర వేస్తే బ్లాక్‌లిస్టే, ఇదంతా పట్టుకోవడానికి వేసిన వల అని. రెండు నెలలు ఆ భయంతోనే గడిపాడు. గడువు అక్టోబరు 31తో అయిపోయేదే. డిసెంబరు 31 దాకా పొడిగించారు కాబట్టి బతికిపోయాడు. నవంబరులో పలాసలో రైలు దిగాడు, ఒక ఎయిర్‌బ్యాగు, వెల్డింగ్ హెల్మెట్‌తో. ఆ హెల్మెట్ ఎందుకు మోసుకొచ్చావురా అంటే, 'అదొక్కటే నా డబ్బుల్తో కొన్నాను' అన్నాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏజెంట్‌ని తిట్టడం సుళువు. తిత్లీ వచ్చిన మరుసటి నెలలోనే, అంటే 2018 నవంబరులో, మన విదేశాంగ శాఖ ఒక రూలు తెచ్చింది. 2019 జనవరి 1 నుంచి ఈసీఎన్ఆర్ వాళ్లు కూడా ఆ 18 దేశాలకి పనికి వెళ్లేటప్పుడు కనీసం 24 గంటల ముందు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, లేకపోతే విమానం ఎక్కనివ్వమని. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు గొల్లుమన్నారు. సెలవుకి వచ్చినవాణ్ణి తిరిగి పోనివ్వరా, మేమేమైనా దొంగలమా అని. నేనూ వాట్సాప్ గ్రూపుల్లో ఆ గోలలో గొంతు కలిపాను. చెట్లు పడిపోయి కుర్రాళ్లందరూ పాస్‌పోర్ట్‌ల కోసం నా షాపు ముందు క్యూ కడుతున్న రోజులవి. వాళ్ల దారికి అడ్డం వస్తున్నారనిపించింది. నెల తిరక్కుండానే ఆ రూలు పక్కన పెట్టేశారు. ఇష్టమున్నవాళ్లు నమోదు చేసుకోండి అన్నారు. మనం గెలిచాం అనుకున్నాను, థంబ్సప్ బొమ్మ కూడా పెట్టాను. ఆ రూలు ఉండి ఉంటే కంపెనీ పేరు రాయాల్సిన చోట మా తమ్ముడు ఏం రాసేవాడు? ఏమీ లేదు రాయడానికి. అక్కడే ఆగిపోయేవాడేమో.

విమానం ఎక్కనివ్వమని బెదిరించడం మొరటు పద్ధతే, దాన్ని ఇప్పటికీ సమర్థించను. కానీ పద్ధతి బాగోకపోతే బాగుచేస్తారు గానీ మొత్తం ఎత్తి అవతల పారేస్తారా? నర్సుల విషయంలో చేశారు కదా. డిగ్రీలు చదివిన నర్సులు, అందరివీ ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టులే. రిక్రూట్‌మెంట్‌లో మోసాలు మితిమీరిపోయాయని 2015 నుంచి వాళ్లకి ఈమైగ్రేట్ క్లియరెన్స్ తప్పనిసరి చేశారు, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని. చదువుకున్నవాళ్లు కూడా మోసపోతారని అక్కడ ఒప్పుకున్నారు. మరి వెల్డర్ దగ్గరికి వచ్చేసరికి ఆ జ్ఞానం ఎటు పోయిందో.

మొన్న 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్‌-వన్‌బీకి లక్ష డాలర్లు కట్టాలన్నప్పుడు తెలుగు టీవీలు వారం రోజులు నిద్రపోలేదు. వాళ్ల టెన్షన్ టెన్షన్ కాదని నేననను. మా వీధిలో రిటైర్డ్ మాస్టారు కొడుకు కూడా అక్కడే చదువుతున్నాడు, ఆయనకి ఆ రాత్రి బీపీ పెరిగి మందులషాపు తలుపు కొట్టారు. కానీ ఒక తేడా ఉంది. అమెరికాలో రూలు మారితే తెల్లారేసరికి లాయర్లు తెలుగులో యూట్యూబ్‌లో కూర్చుని విడమరిచి చెప్తారు. రియాద్‌లో రూలు మారితే మాకు చెప్పేది ఏజెంట్. వాడికి పనికొచ్చినంతవరకే చెప్తాడు.

మా పరిచయస్తుడు ఒకాయన జుబైల్‌లో ఫోర్‌మన్. పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లి దర్జాగా ఉండేవాడు. 2017 జులైలో సౌదీ ఒక్కో కుటుంబసభ్యుడికి నెలకి వంద రియాల్ ఫీజు పెట్టింది. ఏటా వంద పెంచుకుంటూ 2020కి నాలుగు వందలు చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదికి 14,400 రియాళ్లు, ఇకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) రెన్యువల్‌తో పాటు ముందే కట్టాల్సి వచ్చేది. చివరికి ఆయన చేతులెత్తేసి వాళ్లని కాశీబుగ్గలో దింపేసి వెళ్లాడు. ఆ పిల్లాడికి తెలుగు అక్షరాలు రావు, నాయనమ్మ పేరు కూడా హిందీలో రాసేవాడు. ఎక్కడా వార్త రాలేదు. ఎవర్నీ బలవంతంగా పంపలేదు కదా, ఫీజు పెంచారంతే.

మంచి మార్పులు లేవని కాదు. ఖతార్‌లో దేశం వదిలి రావాలంటే యజమాని పర్మిట్ ఉండాలనే రూలు 2018లో చాలామందికి, 2020లో దాదాపు మిగతా అందరికీ తీసేశారు. సౌదీ 2021 మార్చి నుంచి కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) అనుమతి లేకుండానే ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే దేశం వదిలి మళ్లీ వచ్చే పర్మిట్ పెట్టుకోవచ్చంది, ఇంటి డ్రైవర్లనీ ఇంటిపనివాళ్లనీ మాత్రం అందులోంచి తప్పించింది. నా షాపుకి వచ్చేవాళ్లలో ఈ రెండు సంగతులూ తెలిసినవాళ్లు ఎందరనుకున్నారు? ఒక చేతి వేళ్లు చాలు. 'కఫాలా రద్దు', అంటే కఫీల్ చేతిలో ఉండే పద్ధతి పోయిందని మాత్రం అందరి ఫోన్లలో ఫార్వర్డ్ ఉంది. అది ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అనేది ఫార్వర్డ్‌లో ఉండదు.

ఇక మన ఢిల్లీ సంగతి. 1983 చట్టాన్ని మారుస్తామని 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకో ముసాయిదా. 2025 అక్టోబరులో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు అని మరొకటి, ప్రజలు అభిప్రాయాలు చెప్పాలని అడిగారు. నేను ఆ ఇంగ్లీషు పీడీఎఫ్ ప్రింట్ తీసి షాపులో పెట్టాను, ఎవరైనా చదువుతారేమోనని. ఒకాయన దాని వెనకవైపు మండల ఆఫీసుకి అర్జీ రాసుకుని పట్టుకెళ్లాడు. ఆయన తప్పేం లేదు. ఇచ్చాపురం నుంచి టెక్కలి దాకా ఇంటికో గల్ఫ్ మనిషి ఉన్న చోట, ఆ బిల్లు మీద తెలుగులో ఒక్క సభ జరిగినట్టు నా చెవిన పడలేదు. మా నాయకులు ఎన్నికలప్పుడు గల్ఫ్ కుర్రాళ్ల ఇళ్లకే ముందొస్తారు, ఫ్యాను కింద కూర్చుని కూల్‌డ్రింక్ తాగి వెళ్తారు.

టెన్త్ పాసా ఫెయిలా అని కాదు, పనికి వెళ్తున్నాడా లేదా అని చూడండి. నాకు కావాల్సింది ఇంతే. ఆపడానికి కాదు. ఎవరు పంపుతున్నారో, ఎక్కడికి పంపుతున్నారో ఒకచోట రాసి ఉండాలి, రేపు వాడు నీలం కర్టెన్ వెనక దాక్కోవాల్సి వస్తే వెతకడానికి.

పోయిన వారం మా తమ్ముడు షాపుకి వచ్చాడు. చిన్నాన్న డయాలసిస్‌కి ఆటో ఖర్చులే నెలకి ఎంతవుతున్నాయో చెప్పి, మెల్లగా జేబులోంచి ఒక విజిటింగ్ కార్డు తీశాడు. ఈసారి సౌదీ, ఎంప్లాయ్‌మెంట్ వీసానేనట, కొత్త ఏజెంట్. ఈమైగ్రేట్ సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంటుంది. వాడి ముందే ఆ పేరు కొట్టాను, రాలేదు. స్పెల్లింగ్ మార్చి మూడుసార్లు కొట్టాను. రాలేదు. ఆ పేజీనే ప్రింట్ తీసి చేతిలో పెట్టాను, డబ్బులు తీసుకోలేదు. వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్ట్‌లో దాచుకున్నాడు.

'ఆదివారం వైజాగ్‌లో ట్రేడ్ టెస్ట్ ఉందంట అన్నయ్యా. ఎల్లొచ్చి సెప్తాను' అన్నాడు.