మరి ఆ కుక్క ఎవరిది?

కుక్క కాటుకి పిల్లలో పెద్దవాళ్లో బలైతే రాష్ట్ర ప్రభుత్వాల చేత భారీ పరిహారం కట్టించాల్సి వస్తుందని 2026 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే అంది. ఆ మాట సుప్రీంకోర్టు చెబితే గానీ బయటికి రాకపోవడమే సిగ్గుచేటు. హైదరాబాద్‌లోనే చూడండి, 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు పోయాడు, 2024 జూలైలో జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర పసివాడు పోయాడు, ప్రతిసారీ నాలుగు రోజులు హడావిడి, తర్వాత మామూలే.

పెంపుడు కుక్క కరిస్తే ఎవర్ని అడగాలో తెలుసు. నిర్లక్ష్యంగా వదిలేసిన ఓనర్‌కి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 291 కింద ఆర్నెల్ల దాకా జైలో, ఐదు వేల దాకా ఫైనో పడొచ్చు, సివిల్ కోర్టులో డ్యామేజీలూ అడగొచ్చు, ఎన్నేళ్లకి చేతికొస్తాయన్నది వేరే సంగతనుకోండి. అదే వీధి కుక్కైతే? మున్సిపాలిటీ దానికి ఓనర్ లేడంటుంది.

అసలు మాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2023 ఏబీసీ రూల్స్ (జంతువుల సంతానం అదుపు చేసే కేంద్ర నిబంధనలు) ప్రకారం ఆ కుక్కని పట్టించేది మున్సిపాలిటీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి రేబిస్ టీకా వేయించి చెవికి గాటు పెట్టించేది మున్సిపాలిటీ, మళ్లీ తెచ్చి పట్టుకున్న వీధిలోనే దింపించేది కూడా అదే, మనం దాన్ని ఇంకో చోటికి తరిమేస్తే తప్పు మనదే అవుతుంది. ఇంత చేసి, కరిచాక మాకేం సంబంధం అంటే ఎలా? ఆస్తి పన్ను లేటైతే నెలకి 2 శాతం పెనాల్టీ వేసే జీహెచ్ఎంసీకి ఇల్లు ఎవరిదో ఠక్కున తెలుస్తుంది, కుక్క ఎవరిదో మాత్రం తెలియదు!

కుక్కల్ని చంపడం పరిష్కారం కాదని జంతు ప్రేమికులంటున్నారు, నిజమే, చంపమని మేమూ అనట్లేదు. ఫండ్స్ లేవని అధికారులంటారు. మరి కరిపించుకున్నవాడి దగ్గర ఉన్నాయా? 2024లో దేశం మొత్తం మీద 37 లక్షలకి పైగా కుక్క కాటు కేసులని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది, అందులో పరిహారం అందింది ఎందరికి?

చేయలేరా అంటే పంజాబ్-హర్యానా హైకోర్టు 2023 నవంబర్లోనే చేసి చూపించింది. ఒక్కో పంటి గాటుకి కనీసం 10 వేలు, కండ ఊడొస్తే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20 వేలు, ముందు ప్రభుత్వమే కట్టాలి, తర్వాత తప్పు చేసినవాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ లెక్క మీకు నచ్చకపోతే ఇంకోటి పెట్టండి, కానీ ఏదో ఒక రేటంటూ రాసిపెట్టండి, లేకపోతే బిడ్డ పోయిన తల్లిదండ్రులు దయతో ఇచ్చే ఎక్స్‌గ్రేషియా కోసం లీడర్ల చుట్టూ తిరగడమే ఆనవాయితీ అయిపోతుంది, అయిపోయింది కూడా. మీడియా వచ్చిన ఇంటికి చెక్కు, రాని ఇంటికి ఏమీ లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల మున్సిపల్ శాఖలకీ చెప్తున్నాం, సుప్రీంకోర్టు రేటు కట్టేదాకా కూర్చోకండి. కమిషనర్ జీతంలోంచి కోత పడుతుందని ఒక్క జీవో ఇచ్చి చూడండి, కుక్క ఎవరిదో సాయంత్రానికల్లా తేలిపోద్ది.