టెక్సాస్ హిస్పానిక్‌లు: ఆ పటం కింద రాసినవన్నీ తప్పులే

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ బృందాల్లో ఒక పటం తిరుగుతోంది. టెక్సాస్‌లోని 254 కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) హిస్పానిక్‌ల, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారి, జనాభా శాతాన్ని బట్టి రంగులు వేసి, కింద ఇలా రాశారు: ‘హిస్పానిక్‌లంతా మెక్సికో సరిహద్దులోనే ఉన్నారు. అందరూ నిన్నగాక మొన్న వచ్చినవాళ్లే. అదొక జాతి. గంపగుత్తగా ఓటేస్తారు.’

సరిహద్దులోనే అన్న మాట ముందు చూద్దాం. రంగు శాతాన్ని చూపిస్తుందే గాని తలలు లెక్కపెట్టదు. మెక్సికో సరిహద్దు నది రియో గ్రాండే ఒడ్డున ఉన్న స్టార్ కౌంటీలో 95 శాతానికి పైగా హిస్పానిక్‌లే కాబట్టి అది ముదురుగా కనిపిస్తుంది. కానీ 2020 జనగణనలో ఆ కౌంటీ మొత్తం జనాభా దాదాపు 66 వేలు. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో వారి వాటా 43 శాతమే, రంగు లేత. మనుషులు మాత్రం 20 లక్షల పైచిలుకు! రియో గ్రాండే లోయలోని స్టార్, హిడాల్గో, కామెరాన్, విలసీ కౌంటీల్లో అన్ని వర్గాల జనాన్నీ కలిపినా 14 లక్షలు దాటరు.

ఇక ఉత్తరాన, సరిహద్దుకు వందల మైళ్ల దూరంలో డెఫ్ స్మిత్ కౌంటీ ఉంది. అమరిల్లో నగరం నుంచి ఆ కౌంటీలోని హెర్‌ఫర్డ్‌కు వెళ్తుంటే ఊరు కనబడకముందే పశువుల వాసన ముక్కుకు తగులుతుంది. దారి పక్కన కంచెల్లో వేల పశువులు మేత మేస్తూ ఉంటాయి. ఒకప్పుడు పొలం పనులు, తర్వాత పశువుల కొట్టాలు, మాంసం కర్మాగారాలు ఇక్కడికి కుటుంబాలను రప్పించాయి. ఇప్పుడు కౌంటీలో 70 శాతానికి పైగా హిస్పానిక్‌లే.

‘నిన్నగాక మొన్న’ అన్న మాట నన్ను బాగా నొప్పించింది. శాన్ ఆంటోనియో 1718లో, లారెడో 1755లో స్పానిష్ పాలనలో వెలిసిన ఊళ్లు. అమెరికా, మెక్సికోల యుద్ధాన్ని ముగించిన 1848 ఒప్పందంతో రియో గ్రాండే నది సరిహద్దుగా ఖాయమయ్యాక లారెడో అమెరికాకు దక్కింది, అవతలి ఒడ్డున న్యూవో లారెడో ఏర్పడింది. ఊరు కదలలేదు, దేశం మారింది. నేడు టెక్సాస్ హిస్పానిక్‌లలో అత్యధికులు అమెరికాలోనే పుట్టినవారు. పదిహేనేళ్ల కిందట విమానం దిగిన నాలాంటివాళ్లం వారిని కొత్తవాళ్లు అనడం అన్యాయం.

జాతి సంగతి. 2020 జనగణన పత్రంలో హిస్పానిక్ మూలం ఒక ప్రశ్న, జాతి వేరొక ప్రశ్న. హిస్పానిక్‌లలో శ్వేతజాతివారూ, నల్లజాతివారూ, మూలవాసులూ ఉంటారు. ఈ తేడా చూసుకోకుండా శాతాలు కూడితే మొత్తం నూరు దాటిపోతుంది.

ఓటు మాటకొస్తే, స్టార్ కౌంటీ 2024లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిని గెలిపించింది. 1892 తర్వాత అక్కడ అలా జరగడం అదే మొదలు. అదే నది ఒడ్డున, హిస్పానిక్‌లే అధికంగా ఉన్న ఎల్ పాసో కౌంటీ అదే రోజు డెమొక్రాట్ల వైపు నిలిచింది.