ఎండాకాలం సంగతి కూడా రాయండి

ఇంట్లో వానపాములు పెంచి ఇటు ఎరువుకీ అటు గాలానికీ వాడుకోవచ్చన్న మీ వ్యాసం బాగుంది. కానీ ఎండాకాలం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మహారాష్ట్రలోని మా సిరోంచ వైపు అసలు టెన్షన్ అదే. ఎరువు కోసం పెంచే ఐసీనియా ఫెటిడా రకం వానపాము 35 డిగ్రీలు దాటితే బతకడం కష్టం, ఇక్కడ మే నెలలో 45 కూడా చూస్తాం. అందుకే నల్ల ప్లాస్టిక్ డబ్బా, రేకుల కప్పు అస్సలు వద్దు. చెట్టు నీడన మట్టి తొట్టి పెట్టి, పైన తడి గోనె పట్టా కప్పాలి. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంత తడి చాలు. నీళ్లు నిలిస్తే ఊపిరాడక పైకి పాకి వెళ్లిపోతాయి.

పచ్చి పెండ వేయమన్న మాట మాత్రం దయచేసి మార్చండి. అది కుళ్లేటప్పుడు పుట్టే వేడికే వానపాములు చస్తాయి. రెండు మూడు వారాలు నీడలో మాగనిచ్చి వేయాలి.

గాలానికైతే యూడ్రిలస్ యూజీనియే అనే వానపాము రకం మేలు. లావుగా, పొడుగ్గా ఉండి కొక్కేనికి బాగా నిలుస్తుంది. ఐసీనియా సన్నం, గుచ్చితే వాసన కొట్టే పసుపు ద్రవం వదులుతుంది. ప్రాణహితలో చేపలు పట్టే మా అన్నలకు నేనిచ్చేది యూడ్రిలస్సే. అది ఆఫ్రికా రకం, ఇక్కడి నేలలో వ్యాపించకూడదు కాబట్టి మిగిలిన ఎరను గట్టున పారబోయకుండా మళ్లీ తొట్టిలోనే వేయమని కూడా రాయండి.