ఉత్తరం రాసేది యంత్రం, చదవాల్సింది మనిషి

ఫోను స్పీకరులో పెట్టి వంట చేసుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి అమెరికాలో ఒక రాష్ట్రపు పన్నుల శాఖ లైన్లు తెరుస్తారంటే ఎనిమిదీ ఒకటికే నంబరు నొక్కాను. పదకొండుంబావుకు, పప్పులో పోపు వేస్తుండగా, సంగీతం ఆగి ఒక మనిషి గొంతు వినిపించింది. ఆవాలు చిటపటలాడుతుండగానే స్టవ్ కట్టేసి బల్ల దగ్గరకు పరుగెత్తాను. ఆమె మర్యాదగానే మాట్లాడింది. ఇంకొకరి తరఫున మాట్లాడేందుకు మీకిచ్చిన అధికార పత్రం మా దగ్గర ఇంకా నమోదు కాలేదంది. ఇప్పుడే ఫ్యాక్సు చేస్తానన్నాను. సరే, లైనులోనే ఉండండి అంది. ఫ్యాక్సు వెళ్లింది. వెళ్లినట్లు చీటీ కూడా బయటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను కట్టయింది.

ఎవరి కోసం చేశానో చెప్పాలి. గుంటూరు వైపు కుర్రాడు. చదువు ముగించి ఆరు నెలలు ఒక రాష్ట్రంలో, ఆరు నెలలు మరో రాష్ట్రంలో ఉద్యోగం చేశాడు. రెండు చోట్లా రిటర్ను వేశాం. కానీ పాత రాష్ట్రం కంప్యూటరు ఏడాది జీతమంతా తన సరిహద్దులోనే సంపాదించినట్లు లెక్కగట్టి 2,140 డాలర్లు కట్టమని ఉత్తరం పంపింది. అది ఏ రాష్ట్రమో చెప్పను, తేనెతుట్టెను కదిలించడం ఎందుకు? “అన్నా, దీనివల్ల నా వీసాకు ఏమైనా అవుతుందా?” అని ఆ పిల్లవాడు రాత్రి పదకొండుకు ఫోను చేసేవాడు. ఏమీ కాదని నేను చెప్పడం, వాడు నమ్మకపోవడం, తెల్లవారి తెనాలి నుంచి వాళ్ల నాన్నగారు నాకు ఫోను చేయడం రివాజైంది.

నేను ఎన్‌రోల్డ్ ఏజెంటును. అంటే అమెరికా కేంద్ర పన్నుల శాఖ ఐఆర్ఎస్ ముందు ఇంకొకరి తరఫున మాట్లాడేందుకు పరీక్ష రాసి అర్హత తెచ్చుకున్నవాణ్ణి. పదిహేడేళ్లుగా ఇదే పని. మాట్లాడే అర్హత చేతిలో ఉంది, వినే మనిషే దొరకడు. ఇంట్లో ఇంకా ఫ్యాక్సు యంత్రం ఎందుకుందని మా అమ్మాయి అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇది నా ఒక్కడి గోడు కాదు, ఆ ఒక్క రాష్ట్రం సంగతీ కాదు. ఐఆర్ఎస్ లోపలే ఉంటూ పన్ను చెల్లించేవారి పక్షాన మాట్లాడేందుకు ఒక అధికారి ఉంటారు, నేషనల్ టాక్స్‌పేయర్ అడ్వొకేట్ అంటారు. ఆమె అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలోని లెక్క ఇది: 2021 ఆర్థిక సంవత్సరంలో ఐఆర్ఎస్‌కు సుమారు 28.2 కోట్ల ఫోన్లు వచ్చాయి. మనిషి ఎత్తి మాట్లాడినవి 3.2 కోట్లు, అంటే నూటికి 11. ఆ మరుసటి ఏడాది నూటికి 13. కోవిడ్ కాలం కదా అని సరిపెట్టుకోవచ్చు, కానీ రోగం అంతకు ముందునుంచే ఉంది. లైన్లు నిండిపోయినప్పుడు వచ్చిన ఫోన్లను యంత్రమే కట్ చేయడాన్ని వాళ్లు ‘కర్టసీ డిస్‌కనెక్ట్’ అంటారు. మర్యాదపూర్వకంగా గెంటివేయడమన్నమాట. రిటర్నులు వేసే 2015 సీజనులో ఇలాంటి మర్యాద 88 లక్షల సార్లు జరిగింది.

ఆ తరువాత డబ్బు వచ్చింది. 2022 ఆగస్టు చట్టం ఐఆర్ఎస్‌కు పదేళ్లకు సుమారు 8,000 కోట్ల డాలర్లు కేటాయించింది, ఫోన్లెత్తేందుకు 5,000 మందిని కొత్తగా తీసుకున్నారు. తేడా తెలిసింది, కాదనను. 2024 సీజనులో 88 శాతం సేవ అందించామని ప్రకటించుకున్నారు. అయితే ఆ లెక్కలో అన్ని లైన్లూ లేవు, వరుసలోకి చేరకముందే విసుగెత్తి పెట్టేసినవారూ లేరు. కష్టమైన ప్రశ్నలు వదిలేసి మిగతావాటికే శాతం కట్టుకున్న విద్యార్థి లెక్క అది. అంతలోనే కేటాయించిన డబ్బులో కొంత వెనక్కి లాగేశారు. 2025లో ఆరు నెలలు తిరగకుండానే లక్ష పైచిలుకు సిబ్బందిలో నాలుగో వంతు మంది వెళ్లిపోయారు. ఏతాం తీసేసి చేను తడవలేదేమని అడుగుతున్నారు.

ఉగాది వేడుకలో భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే ఒక పెద్దమనిషి నవ్వారు. “పోనివ్వండి, వాళ్లకు మనుషులు తక్కువైతే మన జోలికి రావడమూ తగ్గుతుంది కదా” అన్నారు. మనవాళ్లలో చాలామంది మనసులో ఉన్నది ఇదే. పప్పులో కాలేసేదీ ఇక్కడే. మన జోలికి వచ్చేది మనుషులు కాదు. మీ కంపెనీ పంపిన కాగితాన్నీ, బ్రోకరు పంపిన కాగితాన్నీ, మీ రిటర్నునూ కంప్యూటరు పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడా వస్తే ఉత్తరం అచ్చువేసి పంపుతుంది. దానికి జీతం లేదు, సెలవు లేదు, ప్రభుత్వం మూతపడినా బెంగ లేదు. మనం రాసిన జవాబు చదవడానికి మాత్రం మనిషి కావాలి. సిబ్బందిని తగ్గించినప్పుడల్లా తగ్గేది ఉత్తరాలు కావు, చదివేవాళ్లు.

సాఫ్ట్‌వేర్ ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతితో చెబుతాను. జీతంతోపాటు కంపెనీ ఇచ్చే ఆర్ఎస్‌యూ షేర్లు మీ చేతికి వచ్చిన రోజునే వాటి విలువ జీతంలో కలిసి కంపెనీ ఇచ్చే జీతం లెక్క కాగితం డబ్ల్యూ-2లోకి ఎక్కుతుంది, దాని మీద పన్నూ పోతుంది. వాటిని అమ్మినప్పుడు బ్రోకరు పంపే 1099-బీ అనే కాగితంలో అమ్మిన ధర ఉంటుంది గానీ, కొన్న ధర దగ్గర చాలాసార్లు సున్నానే ఉంటుంది. 60,000 డాలర్ల షేర్లు అమ్మి నిజంగా మిగిలింది 800 అయినా, మీరు ఆ అమ్మకాన్ని రిటర్నులో రాయకపోతే కంప్యూటరుకు కనిపించేది 60,000 లాభమే. సీపీ 2000 అనే నోటీసు వస్తుంది. బ్రోకరు ఇచ్చే అనుబంధ కాగితం ఒకటి జతచేసి జవాబిస్తే తీరిపోయే పని. దాన్ని తెరిచి చూడటానికి మనిషికి పది నిమిషాలు చాలు.

ఆ పది నిమిషాలు దొరకనప్పుడే అసలు ప్రమాదం. మీ జవాబు దొంతరలో ఉంటుంది, గడియారం తన పని తాను చేసుకుపోతుంది. తరువాతి ఉత్తరం, మీరు ఇంత పన్ను తక్కువ కట్టారని చెప్పే చట్టబద్ధమైన లోటు నోటీసు. అందులోని తేదీ నుంచి 90 రోజుల్లోగా టాక్స్ కోర్టుకు వెళ్లాలి. ఆ గడువు పొడిగించే అధికారం ఐఆర్ఎస్‌కు కూడా లేదు. నా జవాబు పంపేశాను, వాళ్లే చూడాలి అని కూర్చున్న మనిషి ఆ 90 రోజులు దాటిస్తే, కట్టనక్కరలేని పన్ను బాకీ అయి కూర్చుంటుంది. నా దగ్గరకు వచ్చేవారిలో చదువుకోనివారు ఎవరూ లేరు. అయినా ఆ నోటీసును ‘ఇంకో రిమైండరు’ అనుకుని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించినవారిని చూశాను.

ఈ వ్యవహారంలో ఖర్చు ఎవరిది అన్నది కూడా మాట్లాడుకోవాలి. మేము రిటర్నుకు ఇంత అని తీసుకుంటాం, ఫోనులో వేచి ఉన్న గంటలకు కాదు. పెద్ద సంస్థలకు ఫోను పట్టుకుని కూర్చునేందుకే మనుషులుంటారు. అది చాలదన్నట్లు, యంత్రాలతో వందల ఫోన్లు చేయించి వరుసలో ముందు చోటు సంపాదించి, దాన్ని మాలాంటివాళ్లకు అమ్మే వ్యాపారం కూడా పుట్టింది. మొదటి ఆట టిక్కెట్లు బ్లాకులో అమ్మడమే, వేరేమీ కాదు. కొనగలిగినవాడికి లైను దొరుకుతుంది. 1,100 డాలర్ల రిఫండు కోసం చూసే విద్యార్థి ఎవరికి ఎంత ఇవ్వగలడు? అందుకే రిటర్నులు తయారుచేసే ప్రిపేరర్లు చాలామంది నోటీసుల పనే తీసుకోవడం మానేశారు. “మా అకౌంటెంటు ఏప్రిల్ తరువాత ఫోనెత్తడు” అని మీరు విసుక్కునే మనిషి కూడా ఎక్కడో వరుసలో ఉండవచ్చు. ఎత్తకపోవడానికి వేరే కారణాలున్నవాళ్లూ ఉన్నారు, మా వృత్తిని నేను పూర్తిగా వెనకేసుకు రాను.

నేను కోరేది ఒక్కటే. గడువు రెండు వైపులా ఉండాలి. అసలే లేదని అనను: పన్ను వేయడానికి మామూలుగా 3 ఏళ్ల పరిమితి ఉంది, రిఫండు 45 రోజులు దాటితే వడ్డీ ఇస్తారు. కానీ మనం రాసిన జవాబు ఇన్ని రోజుల్లో చదివి తీరాలన్న నియమం లేదు. ‘పరిశీలనకు మరో 60 రోజులు కావాలి’ అని ఒక ఉత్తరం వస్తుంది, 60 రోజులు పోయాక అదే ఉత్తరం మళ్లీ వస్తుంది. వాళ్ల ఆలస్యంవల్ల పెరిగిన వడ్డీని కొన్ని సందర్భాల్లో మాఫీ చేయమని అడగవచ్చు, నిజమే. అందుకు ఫారం 843 నింపి పోస్టులో పంపాలి. అది వెళ్లి చేరేది మళ్లీ ఆ దొంతరలోకే. దొంగిలించిన గుర్తింపుతో ఎవరో రిటర్ను వేస్తే బాధితుడి కేసు తేలడానికి 2024లో సగటున 22 నెలలు పట్టింది. భారతదేశపు ఆదాయపు పన్ను శాఖను మెచ్చుకోవాలని నాకు ఉబలాటమేమీ లేదు గానీ, అక్కడ రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 9 నెలల్లోగా ప్రాథమిక పరిశీలన పూర్తిచేసి తెలియజేయాలని చట్టంలోనే రాశారు. శాఖ మెడకూ ఒక గంట కట్టారు.

ఇది అసాధ్యమైన కోరిక కాదని ఐఆర్ఎస్సే రుజువు చేసింది. చదవని కాగితాలు పేరుకుపోయి క్యాంటీనులో కూడా పెట్టెలు నిలబెట్టుకున్న 2022లో, డజనుకు పైగా రకాల యంత్రపు నోటీసులను తానే ఆపేసింది. ఇంకా మనకు దగ్గరి ఉదాహరణ ఫారం 3520. అమ్మానాన్నలు ఊళ్లో పొలం అమ్మి, ఏడాదిలో లక్ష డాలర్లు దాటి పంపితే దాని మీద పన్ను లేదు, కానీ ఈ ఫారం వేయాలి. ఆలస్యమైతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా పడవచ్చు. ఏళ్ల తరబడి ఆ జరిమానాను ముందు వేసి, సంజాయిషీ తరువాత చదివేవారు. టాక్స్‌పేయర్ అడ్వొకేట్ మళ్లీ మళ్లీ నివేదికల్లో పోరితే, ఇకనుంచి ముందు చదివి తరువాతే నిర్ణయిస్తామని 2024 అక్టోబరులో అప్పటి కమిషనరు ప్రకటించారు. అదే పద్ధతి అన్ని నోటీసులకూ వర్తింపజేయమంటున్నాను. జవాబు అందిన రోజున ఖాతాకు తాళం పడాలి, మనిషి చదివేదాకా తరువాతి ఉత్తరం వెళ్లకూడదు.

అమెరికాలోని మన తెలుగు సంఘాలు మహాసభలకు కాంగ్రెస్ సభ్యులను పిలుస్తాయి. శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, ఫొటోకు నిలబడతాం. ఆ ఫొటోగ్రాఫరు లెన్సు మార్చుకునేలోగా ఈ ఒక్క మాట ఎవరైనా అడగండి. వీసాల గురించి అడుగుతాం, పన్నుల గురించి అడగం. పన్నులంటే ఎవరి గుట్టు వారిదని మన భయం. పైగా సంఘాలకూ ఈ బాధ తప్పదు. సంఘాలు ఏటా వేయాల్సిన ఫారం 990ను వరుసగా 3 ఏళ్లు వేయకపోతే పన్ను మినహాయింపు దానంతట అదే రద్దయిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకునేందుకు తిరిగిన కోశాధికారులను అడగండి, కథలుగా చెబుతారు.

ఇప్పటికి చేతిలో ఉన్న దారులు రెండు. రిఫండు ఆగి ఇల్లు గడవని స్థితి వస్తే టాక్స్‌పేయర్ అడ్వొకేట్ కార్యాలయానికి ఫారం 911 పంపవచ్చు. ఇక్కడ ఆపదలో ఫోను చేసే నంబరూ 911నే, ఆ ఫారానికి ఆ అంకె ఎవరు పెట్టారో గానీ తెలిసే పెట్టారు. రెండోది మీ కాంగ్రెస్ సభ్యుడి స్థానిక కార్యాలయం. సమ్మతి పత్రం ఒకటి సంతకం చేస్తే వాళ్ల సిబ్బంది శాఖను అడుగుతారు. ఓటు లేకపోయినా ఆ నియోజకవర్గంలో ఉంటే చాలావరకు సాయం చేస్తారు. నా దగ్గరకు వచ్చే, ఓట్లే లేని విద్యార్థులు సిగ్గుపడి ఆ గుమ్మం తొక్కరు, నేనే తీసుకెళ్లవలసి వస్తుంది.

తెనాలి కుర్రాడి పని చివరికి అయింది. ఐదో ఫోనులో దొరికిన ఒకాయన ఫైలు తెరిచి, రెండు రిటర్నులూ పక్కపక్కన పెట్టి చూసి, “అవును, మా పొరపాటే” అన్నాడు. ఆరు నిమిషాలు. బాకీ సున్నా అని నిర్ధారణ పత్రం వచ్చింది, వాళ్ల నాన్నగారు నాకు కొరియర్లో పూతరేకులు పంపారు. మొన్న గురువారం అదే కార్యాలయం నుంచి కుర్రాడికి ఇంకో ఉత్తరం. మీరు పంపిన జవాబు మాకు అందింది, పరిశీలించేందుకు మరో 60 రోజులు కావాలి అని.