స్కానింగ్ ఎవరికి కావాలో కూడా రాయండి

రేడియేషన్ లేదు, నొప్పి లేదు కాబట్టి నలభై దాటినవాళ్లంతా ఏడాదికోసారి అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించుకోవాలని మీ వ్యాసంలో రాశారు, బాగుంది, కానీ దేనికోసం వెతుకుతున్నామో తెలియకుండా వెతికితే ఏదో ఒకటి కనబడుతూనే ఉంటుంది సార్. మా హన్మకొండలో మా పెద్దబాపుకు హెల్త్ ప్యాకేజీలో కడుపు స్కానింగ్ తీస్తే పిత్తాశయంలో రాయి ఉందన్నారు, ఆయనకు ఏనాడూ నొప్పి లేదు, అయినా ఇంటిల్లిపాదికీ టెన్షన్, ఆపరేషన్ అంటూ ఒకటే గోల. నొప్పి పెట్టని రాళ్లకు చాలావరకు ఆపరేషన్ అక్కర్లేదని చివరికి సర్జన్ గారే చెప్పి పంపించారు.

దక్షిణ కొరియాలో మెడ స్కానింగ్‌లు విరివిగా చేసేసరికి 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి, ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు. గ్రంథి మొత్తం తీయించుకున్నవాళ్లేమో జీవితాంతం మాత్రలు మింగాలి.

నిజంగా పనికొచ్చే చోటు మీరు వదిలేశారు. పొట్టలోని పెద్ద రక్తనాళం, అదే అయోర్టా, ఉబ్బిందా అని చూసే స్కానింగ్. బ్రిటన్‌లో 65 ఏళ్ల మగవాళ్లను పిలిచి మరీ చేస్తారు, అమెరికాలో 65 నుంచి 75 ఏళ్ల మధ్య ఉండి ఎప్పుడైనా పొగ తాగిన మగవాళ్లకు ఒక్కసారి చేయమంటారు. మన దగ్గర ఏళ్లకేళ్లు బీడీలు తాగిన పెద్దమనుషులకు ఈ సంగతి ఎవరు చెప్తున్నారు?

ఇంకోటి, స్కాన్ నార్మల్ వచ్చిందని బీపీ, షుగర్ చూపించుకోవడం మానేసేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతినడం మొదలైతే ముందు మూత్ర పరీక్షలో తెలుస్తుంది, స్కానింగ్‌లో కాదు.