అరికాలు కూడా చూసే డాక్టరు కావాలి

ఆస్ట్రేలియాలో చర్మ క్యాన్సర్ పరీక్షకు ప్రత్యేక క్లినిక్కులు అక్కర్లేదు, ఫ్యామిలీ డాక్టరు చాలని ఒక వ్యాసంలో చదివాను. బ్రిస్బేన్‌లో ఉంటున్న నేను ఈ మాట ఒప్పుకోలేను. చర్మ క్యాన్సర్లలో బాగా ప్రమాదకరమైన రకం మెలనోమా. అది ప్రపంచంలోనే అత్యధికంగా కనిపించే దేశాల్లో ఇది ఒకటి. మామూలు పుట్టుమచ్చకూ, మొదటి దశ మెలనోమాకూ తేడా చాలాసార్లు కంటికి ఆనదు. చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే డెర్మటోస్కోప్ అనే పరికరం కావాలి. అంతకు మించి, రోజూ దానిలోంచి చూసి ఆరితేరిన కన్ను కావాలి. ఒళ్లంతా ఫొటోలు తీసి, కొన్ని నెలల తర్వాత ఏ మచ్చ మారిందో పోల్చి చూడటం హడావిడి కన్సల్టేషన్‌లో కుదిరే పని కాదు.

"మనది చామనఛాయ, మనకెందుకు వస్తుంది" అనే ధీమా ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి ఉంది. మనకు తక్కువే, నిజమే. కానీ వస్తే తరచుగా అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు కిందనో వస్తుంది. ఎండతో పెద్దగా సంబంధం లేని చోట్లు అవి. 1981లో చనిపోయిన గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కిందే మొదలైంది. అరికాలి మచ్చలో రంగు చర్మపు గీతల పల్లాల్లో ఉంటే సాధారణంగా భయం లేదు, గట్ల మీద పరుచుకుంటే అనుమానించాలి. ఆ తేడా పట్టేది అలవాటున్న డాక్టరే. మెలనోమా మందం ఒక మిల్లీమీటరు దాటకముందే తీసేస్తే అత్యధికులు బతుకుతారు.

మచ్చల్ని అనవసరంగా కోసే క్లినిక్కులూ ఉన్నాయన్న ఆ వ్యాసంలోని మాట కాదనను. ఎందుకు కోస్తున్నారో, బయాప్సీలో ఏం తేలిందో అడిగి తెలుసుకోవాలి. పరీక్షకు వెళ్లేటప్పుడు గోళ్లరంగు తుడుచుకుని వెళ్లండి, అక్కడ సాక్సులు విప్పండి.