అంతర్యామికి వెర్షన్ నంబరు చెప్పాలా?

'సమస్యను వివరంగా చెప్పి సహాయం అడగాలి' అనేది నాస్తికుల మాట. ఏడుకొండల నీడలో పుట్టి పెరిగినవాడికి అడగడమంటే ఏమిటో ఒకరు నేర్పనక్కరలేదు. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కుతూ మనం అనేది 'గోవిందా' అన్న ఒక్క మాటే. అప్పు ఎంత, వడ్డీ ఎంత, అమ్మాయికి సంబంధం ఎందుకు తప్పిపోయింది అని స్వామికి విడమరిచి చెబుతామా? ఆయన అంతర్యామి. కంప్యూటర్లు బాగుచేసేవాడూ అంతర్యామే కావాలని మా ఊరివాళ్లు ఆశిస్తే అది మర్యాదే గాని లోపం కాదు.

తెలుగు టైపింగు, డీటీపీ పనులు చేసుకునేవాళ్ల వాట్సాప్ గుంపులో కొన్నేళ్లుగా ఉన్నాను. అక్కడ సహాయం అడిగే సంప్రదాయాన్ని ఈ మాఘమాసం పెళ్లిళ్ల హడావిడిలో దగ్గర నుంచి దర్శించే భాగ్యం కలిగింది. రాత్రి పదకొండుకు ఒక సందేశం వచ్చింది: "అన్నా." పావుగంట తర్వాత, "అన్నా, ఉన్నారా?" ఇంకో పది నిమిషాలకు జోడించిన రెండు చేతుల బొమ్మ. సమస్య ఇంకా గర్భగుడి దాటి బయటకు రాలేదు.

"ఏమయింది స్వామీ?" అన్నాను.

"తెలుగు రావడం లేదు."

"ఎక్కడ?"

"ఇక్కడే, గాంధీ రోడ్డులో."

"తెలుగు బదులు ఏమి కనబడుతోంది?"

"ఏవేవో."

"ఎర్రర్ ఏమైనా వచ్చిందా?"

"వచ్చింది. మూసేశాను."

ఇతరుల ఉత్తరాలు చదవకూడదని మన పెద్దలు నేర్పిన సంస్కారం అది. స్క్రీన్‌షాట్ పంపమన్నాను. ఫోనుతో మానిటరును ఫొటో తీసి పంపాడు. అందులో ట్యూబ్‌లైటు వెలుగు ఉంది, బొటనవేలు ఉంది, అద్దంలో పడినట్లు వెనక గోడమీది స్వామివారి క్యాలెండరు ఉంది. శుభలేఖలో వరుడి పేరు ఉండవలసిన చోట మాత్రం ట్యూబ్‌లైటు పడింది. ఆ క్యాలెండరు చూసి ముహూర్తాలు పెట్టుకోవచ్చు, జబ్బు మాత్రం తెలియదు.

జబ్బు చాలా పాతది. యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతికి) ముందు తరం డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల ఇళ్లలో తెలుగు ఆకారాలను అద్దెకు పెట్టాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అద్దెవాళ్లు మాయమై, ఇంటి యజమానులైన ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ బయటికి వస్తాయి. యూనికోడ్‌లోనైతే తెలుగుకు 128 సొంత గదులు కేటాయించారు. కాబట్టి ఏ ఫాంటులో టైపు చేశావు, ఏ ప్రోగ్రాములో తెరిచావు అన్న రెండు ముక్కలు చెప్పి ఉంటే రెండు నిమిషాల పని. నాకు మాత్రం పన్నెండున్నర దాకా ఆయన ఏడు కొండలూ ఎక్కించాడు. అప్పుడొక సందేశం: "సరిపోయింది అన్నా. ధన్యవాదాలు." ఎలా సరిపోయిందో చెప్పలేదు. మొక్కు తీరినవాడు కొండ దిగుతూ కారణాలు చెబుతాడా?

ఇక్కడ ఒక దుష్టుడు నన్ను అడిగాడు: సర్వదర్శనం టోకెను కోసం శ్రీనివాసం దగ్గర నిలబడితే ఆధార్ చూపిస్తావు కదా, సాక్షాత్తూ ఆ అంతర్యామి దర్శనానికే గుర్తింపు వివరాలు కావలసి వచ్చినప్పుడు, నీ గుంపుకు ఫాంటు పేరు చెప్పడానికి ఏమి అడ్డం? ఇలాంటి కుతర్కాలకు నేను జవాబు చెప్పను.

పైగా వివరాలు చెప్పుకుంటూ పోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, తాను చేస్తున్న ఆపరేటింగ్ సిస్టం గురించి మినిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్ల అభిప్రాయాలు అడిగాడు. బ్యాష్ 1.08, జీసీసీ 1.40 అనే ప్రోగ్రాములను దానిమీదికి తెచ్చానని వెర్షన్ నంబర్లతో సహా రాశాడు. పాపం, 'అన్నా' అని పెట్టి ఊరుకోవచ్చని చెప్పేవాళ్లు ఆ ఊళ్లో లేరు. చివరికి లినక్స్ తయారుచేసి పెట్టవలసి వచ్చింది.

గుంపులో పండితులు కూడా తక్కువవాళ్లు కారు. 'వెతుక్కో' అంటారు. వెతికితే అదే ప్రశ్న, దాని కింద 'వెతుక్కో' దొరుకుతాయి. ఫాంటు గురించి అడిగితే విండోస్ తీసేసి లినక్స్ వేసుకోమనేవారు మరికొందరు. తలనొప్పి అన్నవాడికి కల్యాణకట్ట దారి చూపించినట్లు.

అసలు ప్రమాదం ఏమిటో నాకు పోయిన నెలే తెలిసింది. నా వ్యాసంలో 'సాఫ్ట్‌వేర్' అన్న మాట 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంది. బుద్ధి గడ్డి తిని, ఒక్కసారి పద్ధతిగా అడుగుదామని రాయడం మొదలుపెట్టాను. ఏ ప్రోగ్రాము, ఏమి టైపు చేశాను, ఏమి రావాలి, ఏమి వచ్చింది, మధ్యలో ఏమేమి చేశాను అని వరుసగా. ఐదో వాక్యంలో నా చెయ్యే నాకు సాక్ష్యం చెప్పింది: 'కనబడని చెత్త గుర్తులన్నీ ఒకేసారి తీసేశాను.' ఆ చెత్తలోనే, ట్, వే అతుక్కోకుండా మధ్యలో కనబడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా పోయింది. అక్కడికక్కడే ప్రశ్న చచ్చిపోయింది. అందరూ ఇలా వివరంగా రాయడం మొదలుపెడితే గుంపులో పలకరించుకోవడానికి ఏమి మిగులుతుంది?

పంపడానికి ఏమీ లేక, ఊరికే ఉండలేక, ఆ రాత్రి గుంపులో 'అన్నా' అని పెట్టాను. ఐదుగురు పలికారు.